పాసుపుస్తకం కన్నా ముందు గెజిట్ చదివే ఆఫీసు

సేవ: భూమి హక్కు పత్రాల పరిశీలన, న్యాయ సలహా
ఊరు: హనుమకొండ
ఫీజు: పత్రాల పరిశీలనకు 18,000 రూపాయలు, పొలం దగ్గర కొలతకు విడిగా 7,000
రేటింగ్: 5కు 4.5

అడవిని ఆనుకుని ఉన్న పొలం కొనాలనుకునేవారు బయానా ఇవ్వకముందే ఇలాంటి ఆఫీసుకు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. తన పేరు రాయవద్దని ఈ న్యాయవాది కూడా కోరారు. అందుకే పేరు పక్కన పెట్టి, ఆవిడ ఆఫీసులో ఏ పని ఎలా జరిగిందో వివరంగా రాస్తున్నాను. మీ ఊళ్లోని న్యాయవాదిని ఈ పనులన్నీ చేసిపెట్టమని అడగండి. పాసుపుస్తకం, ఈసీ (ఆస్తి మీది అమ్మకాలు, తాకట్టులు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) చూస్తే చాలునని అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రెండు మూడెకరాల పొలం కొని, కొంత మామిడి వేసి, మిగతా చోట ఇప్ప, నల్లమద్ది, ఏగిస, తునికి వంటి మన అడవి చెట్లను పెంచాలని చాలా కాలంగా కోరిక. మా తమ్ముడికి తెలిసిన ఒక మధ్యవర్తి భూపాలపల్లి వైపు ఒక పొలం చూపించాడు. ఎర్ర నేల, పక్కన వాగు, వెనక హద్దు అడవి. చుట్టుపక్కల పలుకుతున్న ధర కన్నా ఎకరాకు బాగా తక్కువ. పట్టాదారు పాసుపుస్తకం ఉంది, ఈసీలో ఏ తాకట్టూ లేదు, రైతుబంధు కూడా పడింది. "టీచరమ్మా, ముప్ఫయ్యేళ్లుగా సాగులో ఉన్న భూమి. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు మధ్యవర్తి. వారం లోపు అడ్వాన్సు ఇవ్వాలని తొందర పెట్టాడు. పత్రాల నకళ్లు తీసుకుని నేను ఈ ఆఫీసుకు వెళ్లాను.

న్యాయవాది గారు పాసుపుస్తకాన్ని పక్కన పెట్టి ముందుగా అడిగిన ప్రశ్న ఇది: "టీచర్ గారూ, వెనక హద్దు అడవి అని రాశారు. ఆ అడవి పేరేమిటి?" మధ్యవర్తికి ఫోన్ చేస్తే "పేరేముంటుంది మేడమ్, ఫారెస్టే" అన్నాడు. పేరు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ప్రతి రిజర్వు అడవి బ్లాకుకు గెజిట్‌లో ఒక పేరు ఉంటుంది, దాని హద్దులు మాటల్లో రాసి ఉంటాయి. ఫలానా గుట్ట నుంచి ఫలానా వాగు దాకా, అక్కడి నుంచి వాగు వెంబడి ఫలానా చెరువు అలుగు దాకా, అని. పొలం అడవిలో ఉందా బయట ఉందా అన్నది తేల్చేది ఆ మాటలే. భూమి లావాదేవీల్లో అమ్మేవారి పత్రాలను అందరూ చదువుతారు. అడవి పత్రాలను కూడా చదివినవారిని నేను చూసింది ఈ ఒక్క ఆఫీసులోనే.

ఆ పత్రాలు ఎలా పుడతాయో ఆవిడ నాకు ఓపికగా చెప్పారు. 1967 నాటి అటవీ చట్టం కింద ముందు 4వ సెక్షన్ ప్రకటన వస్తుంది. ఫలానా హద్దుల మధ్య భూమిని రిజర్వు అడవిగా చేయదలిచామని ప్రభుత్వం అందులో చెబుతుంది. తర్వాత ఫారెస్టు సెటిల్‌మెంట్ అధికారి ఊళ్లలో ప్రకటన చేయించి, ఎవరికైనా హక్కులుంటే దరఖాస్తులు తీసుకుని విచారిస్తారు. ఆ విచారణ ముగిశాక 15వ సెక్షన్ ప్రకటనతో అది రిజర్వు అడవి అవుతుంది. అయితే 4వ సెక్షన్ ప్రకటన వచ్చిన నాటి నుంచే ఆ హద్దుల లోపల కొత్త హక్కులు పుట్టడం ఆగిపోతుంది. కాబట్టి "మా నాన్న అప్పుడు దున్నాడు" అనే మాటకు బలం ఉందా లేదా అన్నది ఆ తేదీకి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మా వైపు అడవుల్లో చాలా వాటికి ఇంకా పాత చరిత్ర ఉంది. నిజాం కాలంలో 1355 ఫసలీ (అంటే 1945 ప్రాంతం) నాటి హైదరాబాద్ అటవీ చట్టం కింద ప్రకటించినవి ఉన్నాయి. అప్పటి రాజపత్రం జరీదా. అది ఉర్దూలో ఉంటుంది. ఈ ఆఫీసులో ఉర్దూ చదవగల ఒక పెద్దాయన ఉన్నారు. పాత రెవెన్యూ రికార్డులు చూసి చూసి ఆయన కళ్లకు దళసరి అద్దాలు వచ్చాయి. భూతద్దం పట్టుకుని నకలులోని ఒక్కో పంక్తినీ పైకి చదువుతుంటే జూనియర్ అమ్మాయి తెలుగులో రాసుకుంది. మధ్యలో ఒక వాగు పేరు దగ్గర ఆయన ఆగిపోయారు. ఇప్పుడు ఆ వాగును ఊళ్లో వేరే పేరుతో పిలుస్తారు. పాత నక్షాలోని గుర్తులతో సరిపోల్చి, రెండూ ఒకటేనని నిర్ధారించుకున్నాకే ముందుకు కదిలారు. నాకు ఈ ఆఫీసు మీద గౌరవం పెరిగింది అక్కడే.

తర్వాత గ్రామ నక్షాను అటవీ బ్లాకు పటం మీద పెట్టి చూశారు. మాకు చూపించిన సర్వే నంబరు చాలా పెద్దది. అందులో కొంత భాగం పట్టా భూమి, మిగిలింది అడవి. ఇలాంటి సర్వే నంబర్లలోనే చిక్కంతా ఉంటుందట. సేత్వార్‌లో, అంటే తొలి సర్వే నాటి భూమి రిజిస్టరులో, ఆ నంబరు కింద పట్టా విస్తీర్ణం ఎంతో ఉంటుంది. 1954-55 కాస్రా పహాణీలో, అంటే ఆ ఏటి సాగు రికార్డులో, ఎవరి పేరున ఎంత ఉందో ఉంటుంది. అక్కడి నుంచి ఏటేటా పహాణీల్లో ఆ నంబరును ముక్కలు చేసిన బై నంబర్లు పుడుతూ పోతాయి. ఆఫీసువాళ్లు ఈ రోజున్న బై నంబర్లన్నింటి విస్తీర్ణాలనూ కూడి సేత్వార్‌లోని పట్టా విస్తీర్ణంతో పోల్చారు. కూడిక చాలా ఎక్కువ వచ్చింది. కాగితం మీద పుట్టిన ఆ అదనపు ఎకరాలు నేల మీద ఎక్కడో ఒకచోట ఉండాలి. అవి అడవిలోకే జరిగాయి. మాకు చూపించిన బై నంబరు 1990ల తర్వాతి పహాణీల్లో తప్ప అంతకు ముందు ఎక్కడా కనిపించలేదు.

రిజిస్ట్రేషన్ చేయకూడని భూములకు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ఉండే నిషేధిత జాబితాలో ఈ బై నంబరు లేదు. ఆ సర్వే నంబరులోని వేరే భాగాలు ఉన్నాయి. మధ్యవర్తి పట్టుకున్న పెద్ద ఆధారం ఇదే. జాబితాలో లేదు కాబట్టి సబబే అన్నాడు. న్యాయవాది గారి జవాబు సూటిగా ఉంది. జాబితాలో ఉంటే కొనకూడదు. లేనంత మాత్రాన కొనవచ్చని కాదు. పట్టా ఇచ్చే అధికారి ఎవరైనా కానీ, 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా రిజర్వు అడవిని మరో పనికి మళ్లించే వీలు లేదు.

పొలం దగ్గరికి రిటైర్డ్ సర్వేయర్ గారితో పాటు నేనూ వెళ్లాను. ఆయన జీపీఎస్ పరికరంతో, టిప్పన్ (సర్వే కొలతల పటం) నకలుతో, అడవి హద్దు వెంట రాళ్లు పేర్చిన గుట్టలను వెతుక్కుంటూ నడిచారు. రెండు దొరికాయి. మూడోది ఉండవలసిన చోట కొత్తగా వేసిన కంచె స్తంభం ఉంది. రాళ్లు వాగు గట్టున చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నా చదువు కూడా అక్కడ కొంత ఉపయోగపడింది. పొలంలో పత్తి మొక్కల మధ్య టేకు, నల్లమద్ది మొద్దులు కనిపించాయి. వాటి చుట్టూ వేళ్ల దగ్గర నుంచి లేత పిలకలు లేచి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్లుగా ఏటా దున్నిన చేనులో ప్రాణమున్న మొద్దులు మామూలుగా మిగలవు. వేరు చచ్చిపోతుంది, లేదా నాగలికి అడ్డమని రైతే పెకలిస్తాడు. పిలకలు ఇంకా బలంగా వస్తున్నాయంటే ఆ చెట్లను కొట్టి ఎంతో కాలం అయి ఉండదు. సర్వేయర్ గారికి ఈ మాట చెప్పగానే ఆయన ఒక్కో మొద్దునూ ఫోటో తీసుకుని, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నారు. ఆఫీసుకు తిరిగి వచ్చాక గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూపించారు. ఇప్పుడు చేను ఉన్న చోట పాత చిత్రాల్లో దట్టమైన పచ్చదనం ఉంది. ఏడాది తర్వాత ఏడాది వాగు వైపు నుంచి అది కొరుక్కుపోయింది.

నేను చాలాసేపు ఆ తెర ముందే కూర్చుండిపోయాను. తరగతి గదిలో పిల్లలకు ఆకురాల్చే అడవి అంటే ఏమిటో, వాగులో నీళ్లు ఎండాకాలం దాకా ఎందుకు నిలుస్తాయో ఎన్నేళ్లుగానో చెప్పినదాన్ని. ఒక అడవి తగ్గిపోవడాన్ని అంత దగ్గరగా, సర్వే నంబరుతో సహా చూడడం అదే మొదటిసారి. నేను కొనబోయింది ఆ కొరికిన ముక్కనే.

కోర్టు రికార్డుల వెతుకులాట ఈ సేవలో ఇంకో ముఖ్యమైన భాగం. ఈ-కోర్టుల వెబ్‌సైటులో అమ్మేవారి కుటుంబ సభ్యుల పేర్లతో, సర్వే నంబరుతో జూనియర్ అమ్మాయి వెతికింది. అటవీ అధికారులు తమ సాగుకు అడ్డు రాకుండా ఇంజంక్షన్ ఇవ్వమని అమ్మేవారి తండ్రి వేసిన దావా ఒకటి దొరికింది. అందులో యథాతథ స్థితి ఉత్తర్వు ఉంది. దావా ఇంకా నడుస్తోంది. అమ్మేవారు గానీ మధ్యవర్తి గానీ ఈ సంగతి మాతో అనలేదు. ఈసీలో ఇది కనబడదు. కోర్టులో దావా నడుస్తుండగా కొన్నవారు ఆ తీర్పుకు కట్టుబడాలని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అంటే అమ్మేవారు డబ్బు తీసుకుని పక్కకు తప్పుకుంటారు, వారి వివాదం మా చేతికి వస్తుంది. కోర్టు అది అడవి అని తేలిస్తే ఖాళీ చేయవలసింది మేము. ముప్ఫయ్యేళ్ల సాగు అన్న మాటలోని మెలిక కూడా అప్పుడే అర్థమైంది. ప్రభుత్వ భూమి స్వాధీనానికి ప్రభుత్వం దావా వేసుకోవడానికి లిమిటేషన్ చట్టంలో ఉన్న గడువు 30 ఏళ్లు. ఆ అంకెను ఎవరో మధ్యవర్తులకు నేర్పారు. రిజర్వు అడవిలో ఆక్రమణ ఎన్నాళ్లు సాగినా దానంతట అదే హక్కుగా మారదని మాత్రం వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నివేదికకు జతచేసిన తీర్పుల సారాంశం ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చింది. మొదటిది మా పూర్వపు వరంగల్ జిల్లాదే. కొంపల్లి గ్రామం సర్వే నంబరు 171లో 106 ఎకరాల పైచిలుకు అటవీ భూమి కోసం 1985లో ఒక ప్రైవేటు వ్యక్తి దావా వేశాడు. 2018లో హైకోర్టు అది అడవి భూమేనని చెప్పింది. రివ్యూ పిటిషన్‌లో అదే హైకోర్టు 2021లో తన తీర్పును తానే మార్చింది. 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ రివ్యూ తీర్పును కొట్టివేసింది. న్యాయమూర్తులు ఎం.ఎం. సుందరేశ్, ఎస్.వి.ఎన్. భట్టి. రివ్యూ పేరుతో కేసును మొదటి నుంచీ మళ్లీ విచారించకూడదన్నారు. అటవీ శాఖ ఒక మాట, రెవెన్యూ అధికారులు దానికి విరుద్ధమైన మాట అఫిడవిట్లలో చెప్పడాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. రాష్ట్ర ప్రభుత్వానికీ, ప్రైవేటు పక్షానికీ చెరి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. కుమ్మక్కై అఫిడవిట్లు వేసిన అధికారులపై విచారణ జరిపి ఆ డబ్బును వారి నుంచి రాబట్టుకునే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఇచ్చారు. 1985 నుంచి 2024 వరకు! దావా వేసినాయన తీర్పు వచ్చేనాటికి బతికి లేడు. అడవి భూమి మీద హక్కు వెతుక్కునేవారు ఎన్ని తరాల కాలాన్ని ఖర్చు పెడతారో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

రెండోది పుణె దగ్గర కొంఢ్వా బుద్రుక్‌లోని సుమారు 29 ఎకరాల రిజర్వు అడవి సంగతి. వ్యవసాయానికని 1998లో కేటాయించిన ఆ భూమి గృహ నిర్మాణ సంస్థ చేతికి పోయింది. 2025 మే 15న అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయి ధర్మాసనం ఆ కేటాయింపును రద్దు చేసింది. అక్కడితో ఆగకుండా, రెవెన్యూ శాఖ అధీనంలో ఉన్న రిజర్వు అడవి భూములు ప్రైవేటు వ్యక్తులకు ఎక్కడెక్కడ పోయాయో తేల్చడానికి ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తిరిగి తీసుకుని ఏడాదిలోగా అటవీ శాఖకు అప్పగించాలంది. తిరిగి తీసుకోవడం ప్రజా ప్రయోజనానికి మంచిది కాదనిపించిన చోట భూమి విలువ వసూలు చేసి అడవుల పెంపకానికి వాడాలంది. మాకు చూపించిన పొలం సరిగ్గా ఈ ఆదేశం వెతకమన్న రకానికి చెందినది.

న్యాయవాది గారి ఇంకో పద్ధతి గురించి తప్పక చెప్పాలి. పోడు (అడవిలో చేసే సాగు) పట్టా భూమి కొనిపెట్టమని వచ్చేవారి పని ఆవిడ తీసుకోరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగు చేసుకుంటున్న ఆదివాసులకు వచ్చే హక్కు పత్రం వారసులకు పోతుంది, అమ్మడానికి వీలు లేదు. తెలంగాణలో 2023లో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చారు. అవి చేతులు మారితే మోసపోయేది ఆ కుటుంబాలే. నేను కూర్చుని ఉండగానే ఒకాయన సాదా కాగితం మీద ఒప్పందం రాసిపెట్టమని వచ్చాడు. చట్టం ఏం చెబుతుందో చెప్పి, కుర్చీ కూడా వేయించకుండా పంపించేశారు. పోడు దున్నుకుని బతికే కోయ కుటుంబాన్నీ, కంచె వేసి ప్లాట్లు కోసేవారినీ "ఆక్రమణదారులు" అనే ఒకే గాటన కట్టేయడం నాకెప్పుడూ బాధగా ఉండేది. పోడు కుటుంబాల హక్కు దరఖాస్తుల పరిశీలన ముగిసేదాకా వారిని ఖాళీ చేయించకూడదని అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. ఆ తేడా తెలిసిన న్యాయవాది దగ్గర పని చేయించుకోవడం నాకు తృప్తినిచ్చింది.

లోపాలు కూడా ఉన్నాయి. అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంది. నాకు ఇబ్బంది లేదు కానీ మా తమ్ముడికి నేను చదివి చెప్పవలసి వచ్చింది. భూమి కొనేవారిలో ఎక్కువమంది చదివేది తెలుగే. పేజీన్నర తెలుగు సారాంశమైనా కలపాలి. పొలం దగ్గర కొలతకు విడిగా ఫీజు ఉంటుందని మొదటి రోజే చెప్పి ఉండవలసింది. సగం పని అయ్యాక తెలిసింది. మొత్తం పనికి నెల దాటి పట్టింది. మధ్యవర్తి వారం గడువు పెట్టినప్పుడు నెల ఆగడం కష్టమే. అయినా పాత గెజిట్ నకళ్లు రావడానికి పట్టే సమయాన్ని ఎవరూ తగ్గించలేరు కాబట్టి దీనికి మార్కులు తగ్గించడం లేదు. తగ్గించిన అర మార్కూ తెలుగు లేనందుకే.

మేము ఆ పొలం కొనలేదు. "ఆవిడ మిమ్మల్ని భయపెట్టింది టీచరమ్మా, మీరు కాకపోతే ఇంకొకరు" అని మధ్యవర్తి అన్నాడు. ఆ ఇంకొకరు కూడా కొనకూడదని నాకు అనిపించింది. న్యాయవాది గారిని అడిగితే జిల్లా అటవీ అధికారికి ఒక వినతి పత్రం రాసిచ్చారు. గెజిట్ హద్దులు, బై నంబర్ల కూడిక, జరిపేసిన హద్దు రాళ్ల చోటు, మొద్దుల ఫోటోలు, నడుస్తున్న దావా నంబరు, 2025 మే నాటి సుప్రీంకోర్టు ఆదేశం, అన్నీ వరసగా ఉన్నాయి. అమ్మేవారిని తిట్టిన మాట ఒక్కటీ లేదు. అటవీ, రెవెన్యూ శాఖలు కలిసి సర్వే చేయాలన్నదే అందులోని కోరిక. నకలు కలెక్టరుకూ పంపించాం. దీనికి ఆవిడ ఫీజు తీసుకోలేదు. అటవీ శాఖ నుంచి రసీదు వచ్చింది, జాయింట్ సర్వేకు తేదీ పెట్టినట్టు ఉత్తరం కూడా వచ్చింది. ఆ రోజు సాక్షిగా నిలబడడానికి సర్వేయర్ గారూ నేనూ వెళ్తున్నాం.

ఈలోగా మా తమ్ముడు పరకాల వైపు ఇంకో పొలం చూశాడు. దగ్గరలో అడవి లేదని చెప్పారు. అయినా పత్రాలు ఇదే ఆఫీసులో ఇచ్చాం, ఈసారి కొలతతో కలిపి ఫీజు ముందే మాట్లాడుకున్నాం, తెలుగు సారాంశం ఇస్తామని ఆవిడ ఒప్పుకున్నారు.